అప్పగింతల తర్వాత ఎదురుకోలు

నేను అయిదో తరగతి మూడేళ్ళు చదివాను. ఏళ్ళ లెక్కన చూస్తే ఏడో తరగతి పూర్తిచేసిన వాళ్ళతో సమానం. ఈ మాట చాలామందితో ఒప్పించాను గానీ, మా అయివారితో ఒప్పించలేకపోయాను. ఎక్కాలన్నీ నాకు వచ్చు. ఏడెనిమిదులు ఎంతరా అని అడిగితే ఎటో చూస్తూ కూడా చెప్పేవాణ్ణి. వరసగా చెప్పమంటేనే చిక్కు. ఏడో ఎక్కం సగంలో ఉండగా తొమ్మిదో ఎక్కం వచ్చి కూర్చునేది. మూడో ఏడు చివర అయివారు మా నాయనను పిలిపించి, "వీని తలకాయలో సామాన్లన్నీ ఉండాయప్పా, సర్దినోడే లేడు" అని చెప్పి నన్ను ఇంటికి పంపేశారు.

ఆ మాట తప్పు అని చూపించడానికి జీవితంలో నాకు ఒక్కటే అవకాశం దొరికింది. ఎనిమిది పాటలు ఒక కాగితం మీద వరసగా రాయడం. అంతే పని. దాన్ని ఎంత బాగా చేశానో కదిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు, నన్ను చూసినప్పుడు మరీ ఎక్కువగా.

బడి మానేసిన తర్వాత అదీ ఇదీ చేసి, చివరికి కదిరి బస్టాండు ఎదుట మైకుసెట్టు అంగడి పెట్టాను. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫైయరు, కరెంటు లేని ఊళ్ళ కోసం లారీ బ్యాటరీ, ప్లేట్లు తిప్పే మిషను, ఒక ట్రంకుపెట్టె నిండా గ్రామఫోను ప్లేట్లు. ఆ పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండేవి మా ఊరి బ్యాండుమేళం ప్లేట్లు.

తొమ్మిది మంది మేళం అది. ఎర్ర కోట్లు, ఇత్తడి గుండీలు. క్లారినెట్టు వాయించే ఆయనే వాళ్ళకు మాస్టరు. పెండ్లిళ్ళు లేని నెలల్లో ఇంటి ముందర కూర్చుని పరుపులకు దూది ఏకేవాడు. ఆయనా మేమూ ఒకే వీధి. మా అమ్మ ఆయన్ను అన్నా అనేది, ఆయన మా అమ్మను అక్కా అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో వాళ్ళకే తెలియదు. నాకు మాత్రం ఆయన మామ.

యాభైల్లో మద్రాసు కంపెనీ వాళ్ళు మామ మేళాన్ని పిలిపించి ప్లేట్లు వేశారు. ఒక్కో పక్కకు ఒక్కో పాట. ఆ ప్లేట్లు మా తాలూకాలో మిషను ఉన్నవాళ్ళందరూ కొన్నారు. మిషను లేనివాళ్ళు కూడా కొన్నారు. ప్లేటు ఇంట్లో ఉంచుకుని, మిషను కొనడానికి మంచి వానల కోసం చూస్తూ ఉండేవాళ్ళు. కొందరు ఇంకా చూస్తూనే ఉన్నారు.

అన్నిటిలోకీ పేరు పడింది అప్పగింతల పాట. పెండ్లికూతురును అత్తగారింటికి పంపేటప్పుడు వాయించేది. మామ వాయించే తీరు వేరు. ఆ సమయంలో ఆయన పెండ్లికూతురు ముఖం చూడడు, బండి వైపు చూడడు. పెండ్లికూతురు తల్లి చెయ్యి కనబడే చోటు చూసుకుని నిలబడతాడు. తల్లి వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకుంటుంది చూడండి, అక్కడ ఎత్తుకుంటాడు. తల్లి చెయ్యి విడిచేదాకా దించడు. కొందరు తల్లులు తొందరగా విడుస్తారు. కొందరు విడవరు, బండి వెంట నడుస్తారు, మామ కూడా వాయిస్తూ వాళ్ళ వెంట నడుస్తాడు. ఒకసారి ఒకావిడ ఊరి బయటి వాగువంక దాటేదాకా నడిచింది. మేళం మొత్తం వంక ఇసుకలో దిగబడుతూ పోయింది. అందుకే ఆ పాట ఎంతసేపు అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

అరవైల నడుమ ఒకరోజు మామ ఒక ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. మద్రాసు కంపెనీ రాసింది. ఇన్నేళ్ళుగా మీరిచ్చిన పాటల్లో జనం మెచ్చినవి ఎనిమిది ఏరి, వరసగా రాసి పంపితే అన్నీ కలిపి ఒకే పెద్ద ప్లేటు వేస్తామని దాని సారాంశం. కొత్తగా వాయించే పని లేదు.

"ప్లేట్లు ఏసేటోడివి నువ్వు. జనం ఏది అడుగుతారో నీకు తెలిసినంత నాకు తెలీదు. రాసి పంపు అల్లుడా" అన్నాడు మామ.

ఆ కాగితం నేను అంగట్లో కూర్చుని నా పాటికి నేను రాసి పోస్టు చేసి ఉంటే సరిపోయేది. ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకు తీసుకుపోయాను. నా బుద్ధి గురించి అయివారు అన్న మాట మీరు ఇప్పుడే విన్నారు.

ఆ హోటల్లో మేళం అభిమానులు ముగ్గురు రోజూ కూడేవాళ్ళు. ఒకరు హోటలు యజమాని, ఆయన ఎక్కడికీ పోలేడు కాబట్టి. రెండో ఆయన ధర్మవరం మగ్గాలాయన. పెండ్లి పట్టుచీరలు నేయించి, రైల్లో తెచ్చి ఇళ్ళకు ఇచ్చేవాడు, ఆ చనువుతో పెండ్లిళ్ళన్నిటికీ ఉండేవాడు. మూడో ఆయన మా అయివారే. ఉద్యోగం నుంచి దిగిపోయి, మూలబల్ల మీద పేపరు చదువుకుంటూ, లోకంలో వరస తప్పినవన్నీ సరిచేసేవారు.

పదిహేను రోజులు నా ప్రాణం తోడేశారు ముగ్గురూ. హోటలాయనకు ఎదురుకోలు పాట కావాలి, పెండ్లికొడుకు వాళ్ళు ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు వాయించేది. అది లేకపోతే ఆ ప్లేటును దోసె పెనంగా వాడుకుంటానన్నాడు. మగ్గాలాయనకు తలంబ్రాల పాట కావాలి. ఎందుకప్పా అంటే చాలాసేపు రాగం, తాళం అని చెప్పి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. అప్పుడే అందరూ పెండ్లికూతురు చీర వైపు చూస్తారట. హోటలాయన పీర్ల పండుగకు అడుగులేసే పాట కూడా కావాలని పట్టుబట్టాడు. దాని మీద మూడు రోజులు పోయాయి. చివరికి మామనే అడిగితే, పీర్లకు వాయించేది పెండ్లి ప్లేట్లో ఎందుకని ఒక్క మాటన్నాడు. అంతటితో ఆగిందా అంటే, ఆగలేదు. వాయించినాయనకు ఏం తెలుసప్పా అన్నాడు హోటలాయన, నాతో, కాఫీ పోస్తూ.

అయివారికి పాటల మీద పేచీ లేదు. వరస మీదే. పెండ్లి ఎట్లా జరుగుతుందో ప్లేటు అట్లానే సాగాలన్నారు. మొదట ఎదురుకోలు, చిట్టచివర అప్పగింతలు. "అప్పగింతలు అయినాక ఇంగేముంటాదిరా ఇంట్లో" అన్నారు.

ఆయన చెప్పింది నిజం. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ ఆయన చెప్పారు కాబట్టి ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. మూడేళ్ళు నన్ను అయిదులోనే నిలబెట్టిన మనిషి. నేను ఇంటికి వచ్చి బాగా ఆలోచించాను. మేళం వాళ్ళు ముహూర్తాల రోజుల్లో ఏం చేస్తారు? ఒక ఊర్లో అప్పగింతలు వాయించి, కోట్లు కూడా విప్పకుండా బండెక్కి, పక్క ఊర్లో ఎదురుకోలుకు పోతారు. అంటే ఒక పెండ్లి చివర ఇంకో పెండ్లి మొదలన్నమాట. ప్లేటు కూడా అట్లానే ముగియాలి. రెండో పక్క మూడో పాట అప్పగింతలు, నాలుగో పాట ఎదురుకోలు. ఎంత గొప్పగా ఉందో చూడండి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద రాసి, కింద గీత గీసి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. కంపెనీ వాళ్ళు నేను రాసింది రాసినట్టు అచ్చు వేశారు. నేను రాసింది రాసినట్టు ఎవరైనా గౌరవించడం నాకు అదే మొదలు.

ప్లేటు వచ్చింది, చేటంత ఉంది. హోటల్లో మిషను పెట్టి రెండు పక్కలా వేశాను. మామ మాత్రం రాలేదు, ఇంట్లో దూది పని ఉందన్నాడు. ఏకబిగిన విన్నారు ముగ్గురూ. ఇక అక్కడి నుంచి మొదలు.

అట్ట మీద మామ ఫోటో లేదు, పల్లకీ బొమ్మ వేశారు. పల్లకీ వెనక మేళానికి ఎర్ర కోట్లు పచ్చగా అచ్చయ్యాయి. అది నా తప్పు. గుర్రం నడక పాట లేదు. అది కూడా నా తప్పు, ఏరేటప్పుడు ఒక్కరూ అడగకపోయినా. ఎదురుకోలులో డ్రమ్ము చప్పుడు తగ్గించారని ఒకరు, పెంచారని ఒకరు. అన్నిటికన్నా విడ్డూరం హోటలాయనది. ఆయన దగ్గర తలంబ్రాల పాట పాత ప్లేటు ఉండేది. దాని మీద గీత పడి, నడుమ ఒకచోట ముల్లు ఎగిరి దూకేది. పదేళ్ళు ఆ దూకుడుతోనే విన్నాడు. కొత్త ప్లేట్లో పాట దూకకుండా సాఫీగా పోయింది. "జీవం తీసేసినారప్పా" అని తల పట్టుకున్నాడు. గీత పడిందయ్యా నీ ప్లేటు మీద అంటే వినడు. మామ అట్లా దూకి వాయించడం తాను కళ్ళారా చూశానన్నాడు.

అప్పగింతల పాట చివర ఒక మలుపుంది. సాగి సాగి పోతున్న పాట, ఉన్నట్టుండి ఉలిక్కిపడి పైకి లేచి, అక్కడే తెగిపోతుంది. ఆ ఒక్క మలుపు మీద ఆ హోటల్లో జరిగినంత వాదం మన అసెంబ్లీలో జరిగి ఉండదు. మగ్గాలాయన అది పోగు తెగినట్టుందన్నాడు. హోటలాయన పెండ్లికూతురు చివరిసారి వెనక్కి తిరిగి చూడడమన్నాడు. అయివారు అది మింగిన ఏడుపని తేల్చి, అర్థమయ్యేవాళ్ళకు అర్థమవుతుందని నా వైపు చూశారు.

ఇదేదో మామనే అడుగుదామని సాయంత్రం ఇంటికి పోయాను. ఆయన దూది మధ్యలో కూర్చుని ఉన్నాడు, మీసాల మీద కూడా దూదే. మలుపు సంగతి చెప్పగానే చాలాసేపు నవ్వాడు.

"అదా. ఆ మద్రాసులో ఒక రూములో నిలబెట్టినారు గదా. పెండ్లికూతురు లేదు, తల్లి లేదు, ఎదురుగా గోడ. గోడ ఎప్పుడు చెయ్యి ఇడుస్తాదో నాకెట్ల తెలుస్తాది? వాయిస్తాండా, వాయిస్తాండా. టయిము అయిపాయనని నెత్తిమింద ఎర్ర లైటు భగ్గుమనె. అదిరిపడి నిలిపేసినా."

ఇంత ముచ్చటైన సంగతి తీసుకుపోయి హోటల్లో చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నేను వేళాకోళం మనిషినని, నోరు తెరిస్తే అబద్ధమని హోటలాయన తోసేశాడు. మామే చెప్పాడయ్యా అంటే, అయివారు పేపరు మడిచి, గొప్పవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరనీ, అందుకే లైటు మీదకు తోశాడనీ అన్నారు. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎంత విసుగో, నాలాంటి వాడికే తెలుస్తుంది. మామూలు రోజుల్లో అబద్ధాలు చెప్పి నిజమనిపించుకుంటాను కాబట్టి.

ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వానలు మొండికేశాయి. శెనక్కాయ పంట విత్తనం కూడా తిరిగి రాలేదు. పెండ్లిళ్ళు ఆగవు గానీ చిక్కిపోయాయి. తొమ్మిది మంది మేళాన్ని పిలిచి, బండి కట్టి, రెండు పూటలా అన్నం పెట్టాలంటే పెండ్లి ఇంటివాళ్ళకు మాటలు కాదు. అందరూ నా అంగడికి రావడం మొదలుపెట్టారు. మాస్టరు ప్లేట్లోనే ఉన్నాడు కదా, ఆయనకు అన్నం కూడా పెట్టక్కర్లేదు అనేవాళ్ళు. మొదట్లో నాకు సంతోషంగానే ఉండేదని దాచకుండా చెబుతున్నాను. మేళంలో డ్రమ్ము కొట్టే ఆయన బెంగళూరుకు మట్టిపనికి పోయాడు. ఇంకో ముగ్గురు బళ్ళారి వైపు పోయారు. మామ వీధిలో కనబడితే నేను కొంచెం తొందరగా నడిచేవాణ్ణి.

ప్లేటుతో అప్పగింతలు జరిపించిన మొదటి పెండ్లి కదిరికి మూడు కోసుల దూరంలో ఒక పల్లెలో. పందిట్లో అంతా బాగానే అయింది. బండి వచ్చి నిలబడింది. తల్లి బిడ్డను పట్టుకుంది. నేను ముల్లు సరిగ్గా రెండో పక్క మూడో పాట మీద దించాను. పాట ఎత్తుకోగానే ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. నాకైతే గర్వంగా ఉంది. అంతలో ఎర్ర లైటు మలుపు వచ్చేసింది, పాట తెగింది. ప్లేట్లో ఆ పాట మూడు నిమిషాలే. పెండ్లికూతురు ఇంకా బండి మెట్టు మీద కాలు కూడా పెట్టలేదు. అందరూ ఏడుపు మధ్యలో ఆగి హారన్ల వైపు చూశారు. నేను ముల్లు ఎత్తాలనుకునే లోపల ప్లేటు ముందుకు తిరిగింది, నేను గీత గీసి మరీ రాసిన వరస ప్రకారం, రెండు హారన్లలోంచి ఎదురుకోలు పాట మొదలైంది. డ్రమ్ములు, ట్రంపెట్లు, పెండ్లికొడుకును ఊళ్ళోకి రమ్మని పిలిచే పాట.

బండి పక్కన నిలబడిన పెండ్లికొడుకు మేనమామ తిరిగి నా వైపు చూశాడు. ఆయన అరవలేదు.

"ఏమప్పా, ఇంగొక పెండ్లికొడుకు వస్తాండాడా? వస్తే చెప్పు, మేం పోతాం."

ముల్లు ఎత్తి వెనక్కి పెట్టాను. తొందరలో తలంబ్రాల మీద పడింది. మళ్ళీ ఎత్తి అప్పగింతల మీద పెట్టాను. ఏడ్చినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఏడవాల్సి వచ్చింది. మూడు నిమిషాలకు మళ్ళీ మలుపు. మళ్ళీ ఎత్తాను. నాలుగోసారికి ఒక ముసలావిడ, ఇంక నావల్ల కాదు నాయనా, గొంతు పోయింది, బండి తోలమని చెప్పండి అని అరుగు మీద కూర్చుంది. తల్లి ఒక్కతే ఇదేదీ వినబడనట్టు బిడ్డ చెయ్యి పట్టుకునే ఉంది.

ఈ కథ నాకన్నా ముందే కదిరి చేరింది. నేను హోటల్లోకి పోగానే అయివారు పేపరు దించి, మళ్ళీ ఎత్తుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

దీనికన్నా పెద్దది తర్వాత జరిగింది. ఒక పెద్ద ఇంటి పెండ్లికి మేళాన్నీ పిలిచారు, నా మైకునూ పిలిచారు. మేళంలో మిగిలింది అయిదుగురే. అప్పగింతల దగ్గర మామ ఎప్పటిలాగే తల్లి చెయ్యి చూసుకుంటూ వాయించాడు. ఆమె చెయ్యి విడవగానే నెమ్మదిగా, దీపం తగ్గించినట్టు పాట దించేశాడు. పెండ్లికొడుకు స్నేహితులు నలుగురు ముందుకు వచ్చారు. అందరూ ఆ పాటను ప్లేట్లలోనే విని పెరిగినవాళ్ళు. చివర ఆ మలుపు వెయ్యలేదేమని అడిగారు. ప్లేట్లో మాదిరి లేదని, ఇంకోసారి సరిగ్గా వాయించమని అన్నారు. వాళ్ళ తప్పు కూడా కాదు, అభిమానంతోనే అడిగారు. అదే బాధ.

మామ క్లారినెట్టు విప్పి, నోట్లో పెట్టుకునే పీకను తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ఆ పాట ఇంగ నా దగ్గర లేదప్పా. మైకుసెట్టాయన దగ్గర ఉండాది, ఆడ అడగండి" అన్నాడు, నా వైపు చూపించి.

ఆ రోజు నుంచి ఆయన అప్పగింతల పాట వాయించడం మానేశాడు. మిగతావన్నీ వాయించేవాడు. బండి కట్టే వేళకు డబ్బా మూసేసేవాడు.

అట్లా ఒక ఏడాది గడిచింది. మా చెల్లెలికి సంబంధం కుదిరింది. మా నాయన పోయిన తర్వాత ఇంట్లో మేము ముగ్గురమే. నేను ఊళ్ళు తిరిగే మనిషిని. మా అమ్మా, చెల్లెలూ ఒకే గుక్కలో మాట్లాడుకునేవాళ్ళు, ఒకరు మొదలుపెట్టిన మాట ఒకరు ముగించేవాళ్ళు. పిల్లను ఇస్తున్నది ఎక్కడో విడపనకల్లు అవతల, సగం కన్నడం మాట్లాడే పల్లెకు. పోయి రావాలంటే ఒక రోజు బస్సుల్లోనే సరిపోతుంది.

మా అమ్మ చీరల గురించి అడగలేదు, పందిరి గురించి అడగలేదు. ఒక్కటే అంది. "నన్ను మీ అవ్వ పంపించేటప్పుడు అన్న వాళ్ళ నాయన సన్నాయి వాయించినాడు. నా బిడ్డకు అన్న వాయించాల. ప్లేటు ఎయ్యొద్దురా. నువ్వేం చేసుకుంటావో నాకు తెలీదు."

ఆమెకు ప్లేటులో ఆ పాట తర్వాత ఏం వస్తుందో తెలుసు. ఊరందరికీ తెలుసు.

మామ ఇంటికి పోయాను. నేను మామూలుగా పోయేటప్పుడు దారిలోనే రెండు వేళాకోళాలు తయారు చేసుకుంటాను. ఆ రోజు ఒక్కటీ రాలేదు. ఆయన దూది ఏకుతూనే ఉన్నాడు. పెండ్లికి మేళం కావాలన్నాను, వస్తామన్నాడు. అప్పగింతలు అన్నాను. ఏకుడు ఆగింది.

"ప్లేటు ఉండాది గదరా. మూడు నిమిషాల్లో అయిపోతాది. జనాలకు అదే బాగుండాది."

"అమ్మ వద్దనింది మామా."

ఆయన మళ్ళీ ఏకడం మొదలుపెట్టాడు. నేను లేచి వాకిలి దాటుతుంటే వెనక నుంచి, మైకు కట్టుకోమనీ, ఆ ప్లేటును మాత్రం అంగట్లో పెట్టి తాళం వేసి రమ్మనీ అన్నాడు. సరేనని మాట ఇచ్చాను.

పెండ్లి రోజున ప్లేటును గోనెసంచిలో చుట్టి తెచ్చి బ్యాటరీ పెట్టె వెనక దాచాను. ఆయన వాయించకపోతే ఎట్లా? అమ్మ వద్దన్నా, అసలేమీ లేకుండా మూగగా పంపించలేం కదా. నన్ను నేను ఇట్లా సమాధానపరుచుకున్నాను. మాట తప్పిన ప్రతిసారీ నాకు ఇట్లాంటి మంచి కారణమే దొరుకుతుంది.

అయిదుగురూ ఎర్ర కోట్లలో వచ్చారు. ఎదురుకోలు వాయించారు, తలంబ్రాలు వాయించారు. మగ్గాలాయన చీర చూసి మురిశాడు. హోటలాయన ఆ పూట హోటలు మూసి వచ్చాడు. అయివారు ముందు వరస కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ వరస ప్రకారం జరుగుతోందా లేదా అని చూసుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి మగపెండ్లివారి లారీ వచ్చి నిలబడింది. శెనక్కాయ మూటలు తోలే లారీ, వెనక తలుపు దించి చాప పరిచారు. ట్రంకుపెట్టె ఎక్కించారు, పరుపు ఎక్కించారు. ఆ పరుపు మామ కుట్టిందే. చెల్లెలిని ఎక్కించి కూర్చోబెట్టారు.

మామ కదలడం లేదు. క్లారినెట్టు చేతిలోనే ఉంది, డబ్బాలో పెట్టలేదు, నోట్లోనూ పెట్టుకోలేదు. మామిడాకులు కట్టిన గుంజ పక్కన నిలబడి లారీ వైపు చూస్తున్నాడు. డ్రైవరు ఇంజను తిప్పాడు. హోటలాయన నా దగ్గరకు వచ్చి, ఆయన వాయించేటట్టు లేదు, ప్లేటు ఉంటే వెయ్యప్పా అని గొణిగాడు. మగ్గాలాయన కూడా తల ఊపాడు. నేను వంగి సంచి విప్పాను. ప్లేటు బయటికి తీశాను. మిషను మీద పెట్టబోయి తల ఎత్తితే, మామ నన్నే చూస్తున్నాడు. మళ్ళీ లారీ వైపు తిరిగాడు.

అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒడిలో కట్టాల్సిన కొబ్బరిచిప్ప ఏదో మరిచిపోయి దాని కోసం పోయిందట. ఆ తొందరలో చేతికి పసుపు కూడా తుడుచుకోలేదు. లారీ తలుపు దగ్గరకు వచ్చి, చెయ్యి చాచి, పైన కూర్చున్న చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

క్లారినెట్టు ఎత్తుకుంది.

ఇన్ని పెండ్లిళ్ళు చూసినవాణ్ణి, తల్లి చెయ్యి పట్టుకున్న తర్వాతే ఆయన మొదలుపెడతాడని నాకు తెలియదా? తెలుసు. మరిచిపోయాను. ఏళ్ళ తరబడి నేను ముల్లు దించినప్పుడే పాట మొదలవుతూ వచ్చింది, పాట అంటే అంతే అనుకోవడం అలవాటైపోయింది.

ఎంతసేపు వాయించాడో చెప్పలేను. లారీ ఇంజను చప్పుడు మీదుగా వాయించాడు. డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. అమ్మ విడవలేదు. చెల్లెలు వంగి అమ్మ భుజం మీద తల పెట్టింది. పాట ఒకచోట సన్నబడితే అయిపోయిందనుకున్నాం, అమ్మ చెయ్యి ఇంకోసారి బిగిసింది, పాట మళ్ళీ నిండింది. అయివారు కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు. అప్పుడు ఎవరూ వరస సంగతి మాట్లాడలేదు. చివరికి అమ్మ తనంతట తానే ఒక్కో వేలు విడిచింది. చెల్లెలి చేతి మీద పసుపు అంటుకుని ఉంది. పాట అమ్మ చేతితోపాటే దిగింది. ఎర్ర లైటూ లేదు, మలుపూ లేదు. లారీ కదిలి, దుమ్ము లేచి, మూల తిరిగింది.

జనం పల్చబడిన తర్వాత నేను ఇంకా ఆ ప్లేటు చేతిలో పట్టుకునే నిలబడి ఉన్నాను. మామ నా దగ్గరకు వచ్చి ప్లేటు వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూశాడు. మాట తప్పినందుకు ఏమైనా అంటాడేమోనని, అనే లోపల నేనే ఏదో ఒకటి అనాలి కదా. నాకు వేరే విద్య రాదు.

"అంతా బాగుండాది గానీ మామా, ప్లేట్లో మాదిరి లేదు. చివర నిలపడం సరిగ్గా రాలేదు" అన్నాను.

ఆయన పీక విప్పి, తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు.

"మీయమ్మ చెయ్యి ఇడిచినాక నేను నిలిపేసినా అల్లుడా. నువ్వే ఇంగా నిలపలేదు. ముక్కు తుడ్సుకో పో."